రాచ ఊరేగింపులలో ఏనుగు

అమరావతి స్తూపానికి చెందిన ఒక గుండ్రని ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతంలో పలనాటి సున్నపురాతిపై మన శిల్పులు చెక్కినది అది. రాజగృహనగరంలో నలగిరి అనే ఏనుగుకు మద్యం పట్టించి బుద్ధునిపైకి వదలిన కథ ఆ శిల్పానికి వస్తువు. ఫలకంలో ఒక పక్క ఏనుగు ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతున్నది. వీధిలో జనం చెల్లాచెదరవుతున్నారు. మేడలమీది స్త్రీలు భయంతో తొంగిచూస్తున్నారు. ఇంకొక పక్క అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉన్నది. ఒకే జంతువును ఒకే ఫలకంలో రెండుసార్లు చూపటంలో శిల్పి నేర్పు సరే, జంతుస్వభావాన్ని గురించిన అతని పరిశీలన కూడా గమనించదగినది. వీధిలో నడిచే ఏనుగుకు ఈ రెండు అవస్థలూ ఉన్నవని ఆనాటికే మనవారికి బాగా తెలుసు.

నేను నరసరావుపేటలో జంతుశాస్త్రం చెప్పే రోజులలో ఒక విద్యార్థి ఈ ఫలకం ఫొటో చూచి ఇలా అడిగాడు: "మాస్టారూ, మన పలనాట్లో ఏనుగులు లేనే లేవు గదా! మరి ఇక్కడి రాజులకూ జమీందార్లకూ ఏనుగులు ఎక్కడినుంచి వచ్చినవి? వచ్చినవి ఏమైపోయినవి?" ప్రశ్న చిన్నదే. దానికి సమాధానం చెప్పాలంటే మాత్రం కొంత శరీరశాస్త్రమూ, కొంత వర్తక చరిత్రా, కొంత ఆంగ్లేయ ప్రభుత్వ చరిత్రా కలిపి చెప్పవలసి వచ్చినది. ఆ సమాధానమే ఈ వ్యాసం.

ఏనుగుకు తగని సీమ

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదిలారు. అంతకు పూర్వం పలనాడు మెట్టసీమ. జొన్నా, సజ్జా, నల్లరాయీ, ఎండిన వాగులూ దాని ఆస్తి. ఈ సీమలో నీళ్ళకూ వరి అన్నానికీ కరవు వచ్చిన సంగతిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుని పేర నేటికీ వాడుకలో ఉన్నవి. గురజాలకు దగ్గరలోని రెంటచింతలలో వేసవి ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాటటం వింత కాదు.

ఇటువంటి చోట ఏనుగు బ్రతకటం కష్టం. ఇందుకు కారణం దాని శరీరంలోనే ఉన్నది. వస్తువు పెద్దదయ్యేకొద్దీ దాని ఘనపరిమాణం పెరిగినంతగా పైవైశాల్యం పెరగదు. లోపల పుట్టే వేడి ఎక్కువ, బయటకు పోవటానికి చర్మం తక్కువ. పోనీ, మనవలె చెమట పట్టి చల్లబడుతుందా అంటే, కాలిగోళ్ళ దగ్గర తప్ప ఏనుగుకు స్వేదగ్రంథులు దాదాపు లేవు. పలుచని చెవులలో రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటవి. చెవులు విసరినప్పుడు ఆ రక్తం చల్లబడుతుంది. చర్మపు ముడతలలో నిలిచిన నీరూ బురదా మెల్లగా ఆవిరి అవుతూ మరికొంత వేడిని తీసుకొనిపోతవి. అందువల్ల ఏనుగుకు నీడా నీరూ విలాసాలు కావు, ప్రాణావసరాలు. ఎదిగిన ఏనుగు రోజుకు నూరు లీటర్లకు పైగా నీరు త్రాగుతుంది. స్నానానికి కావలసినది వేరే లెక్క. 'ఏనుగు దాహానికి చూరునీళ్ళా?' అన్న సామెత పుట్టటానికి మెట్టసీమకు మించిన చోటు ఉండదు.

ఇక మేత. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల పచ్చిమేత కావాలి. ఏనుగుకు ఆవువలె నాలుగు గదుల పొట్ట లేదు, నెమరు వేయటం లేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ ఒక పెంపుడు ఏనుగుపై ప్రయోగాలు చేసి 1936లో ప్రచురించిన గ్రంథం ప్రకారం అది తిన్న గడ్డిలో సగానికి లోపే జీర్ణమైనది. తక్కినదంతా పేడగా బయటకు పోవలసినదే. విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. రోజుకు 150 కిలోల చొప్పున సంవత్సరానికి 54,750 కిలోలు, అంటే దాదాపు 55 టన్నులు. ఒక దుక్కిటెద్దుకు రోజుకు 25 కిలోల పచ్చిమేత అనుకొంటే, ఒక ఏనుగు మేత ఆరు ఎద్దులకు సరిపోతుంది. ఆరు ఎద్దులంటే మూడు అరకలు. మెట్టసీమలో మూడు అరకలున్న రైతు మోతుబరి క్రింద లెక్క. ఏనుగు మాత్రం దున్నదు, కాపుకు పనికిరాదు, పాలివ్వదు.

దివాణాలకు ఏనుగు ఎందుకు కావలసి వచ్చినదో ఈ లెక్కలోనే తెలుస్తుంది. పనికివచ్చే జంతువును ఎవరైనా పోషించవచ్చును. వీధిలో నడిపించటానికి తప్ప మరెందుకూ అక్కరలేని ఇంత పెద్ద ప్రాణిని, నీరు దొరకని చోట పోషించగలిగినవాడి వద్ద ఎంత ధాన్యం, ఎంతమంది మనుష్యులు, ఎంత అధికారం ఉన్నదో చూచిన ప్రతివాడికీ, చదువు లేకపోయినా, ఇట్టే అర్థమవుతుంది. ఊరేగింపు ఏనుగు అనేది అందరికీ తెలిసిన భాషలో వ్రాసిన ఆస్తిపత్రం.

ఎక్కడినుంచి వచ్చినవి?

మన దేశంలో గుర్రాలనూ పశువులనూ ఇంటి వద్దనే ఈనించి పెంచారు. ఏనుగు విషయంలో అలా జరగలేదు. ఆడఏనుగు గర్భం మోసే కాలం 22 నెలల వరకు ఉంటుంది. ఒక కాన్పుకూ మరొక కాన్పుకూ నడుమ నాలుగైదేళ్ళు గడుస్తవి. పిల్ల పనికి రావటానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. అంతకాలం మేపటం కంటె అడవిలో ఎదిగినదాన్ని పట్టి తేవటమే చౌక అని పూర్వులు నిర్ణయించారు. కాబట్టి దివాణంలో కనిపించిన ఏనుగు దాదాపు ఎప్పుడూ అడవిలో పుట్టినదే. మంద నుంచి విడదీసి, గొలుసులు వేసి, ఆకలికీ అంకుశానికీ లొంగదీసి తెచ్చినదే.

తెలుగు దేశానికి ఏనుగులు కొన్ని కళింగపు అడవుల నుంచీ, దక్షిణపు కొండల నుంచీ వచ్చినవి. మరికొన్ని సముద్రం మీద వచ్చినవి. 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యానికి ముఖ్య రేవు మచిలీపట్నం. పెగూ, తెనాసరిం తీరాల నుంచీ, సింహళం నుంచీ ఏనుగులను ఓడలపై ఎక్కించి బంగాళాఖాతం దాటించేవారు. సింహళంలోని జాఫ్నాలో డచ్చివారు ఏనుగుల అమ్మకాలు జరిపేవారు. గోలకొండ వర్తకులు అక్కడి కొనుగోలుదారులలో ముఖ్యులు. నాలుగు టన్నుల బరువుగల, బెదరే స్వభావంగల జంతువును తెరచాప ఓడపై రోజుల తరబడి నిలబెట్టి తీసుకురావటం ఎంత సాహసమో ఊహించవచ్చును.

ఆంగ్లేయుల కాలంలో పట్టే పద్ధతి పెద్దయెత్తున సాగినది. మైసూరు సంస్థానంలో జార్జి శాండర్‌సన్ అనే ఉద్యోగి 1870లలో ఖెడ్డా పద్ధతి ప్రవేశపెట్టాడు. అడవిలో బలమైన దుంగలతో దొడ్డి కట్టి, డప్పులతో, దివిటీలతో మందను మొత్తంగా అందులోకి తరిమి, మచ్చిక ఏనుగుల సాయంతో ఒక్కొక్కదానికీ త్రాళ్ళు బిగించటం ఆ పద్ధతి. అది క్రమంగా వేడుకగా మారినది. రాజకుటుంబీకులకూ రాజప్రతినిధులకూ కాకనకోట అడవిలో ఖెడ్డాను ప్రదర్శనగా చూపేవారు. మైసూరులో చివరి ఖెడ్డా 1971లో జరిగినది.

ఇలా పట్టుకొంటూ, మరొకవైపు వేటలో చంపుతూ పోతే అడవులు ఖాళీ అవుతవని ప్రభుత్వానికి త్వరలోనే తెలిసివచ్చినది. మదరాసు ప్రభుత్వం 1873లోనూ, భారత ప్రభుత్వం 1879లోనూ అడవి ఏనుగుల సంరక్షణకు చట్టాలు చేసినవి. అనుమతి లేనిదే చంపరాదు, పట్టరాదు అన్నారు. జాలి ఒక్కటే దీనికి కారణం కాదు. సైన్యపు సామగ్రి మోయటానికీ, ఫిరంగులు లాగటానికీ, దర్బారులు జరపటానికీ ఏనుగులు కావాలి. మన దేశంలో ఒక అడవి జంతువు పేరనే వచ్చిన తొలి రక్షణ చట్టాలకు ప్రభుత్వపు అవసరమే ముఖ్య ప్రేరణ.

యుద్ధం పోయి వేడుక మిగిలినది

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినది. కర్ణాటక నవాబు అధీనంలో ఉన్న పలనాడు 1801లో పూర్తిగా కంపెనీదైనది. ఆ కాలంలో ఈ ప్రాంతపు జమీందారులలో పేరుమోసినవాడు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. కృష్ణ ఒడ్డున చింతపల్లిలో ఉన్న ఆయన 18వ శతాబ్ది చివర అమరావతికి నివాసం మార్చి కొత్త పట్టణం కట్టించాడు. ఆ కట్టడాలకు రాయి త్రవ్వుతున్నప్పుడే స్తూపపు శిల్పాలు బయటపడినవి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచాడు. మొదట చెప్పిన నలగిరి వంటి ఫలకాలు మనకు దక్కినవంటే దానికి మూలం ఈ తవ్వకాలే. ఎన్నో ఫలకాలు గోడలలో రాళ్ళుగా పోయినవంటే దానికీ మూలం ఇవే.

వేంకటాద్రి నాయుడి దివాణపు వైభవాన్ని గార్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్ వర్ణించినది. ఆయన పరివారంలో గుర్రాలు, ఒంటెలు, ఏనుగులు ఉండేవి. కాని ఆ ఏనుగులు చేయవలసిన పని అప్పటికే మారిపోయినది. తుపాకి మందు వచ్చిన తరువాత యుద్ధరంగంలో ఏనుగుకు విలువ తగ్గినది. ఎత్తుగా, నెమ్మదిగా కదిలే ఏనుగు ఫిరంగికి సులభమైన గురి. బెదరితే వెనుదిరిగి సొంత సైన్యాన్నే త్రొక్కుతుంది. కంపెనీ సైన్యం కూడా బరువైన ఫిరంగులను ఏనుగులతో లాగించి, గుండ్ల వాన మొదలయ్యే చోటికి రాగానే వాటిని విప్పి ఎద్దులను కట్టేది. పైగా 1802 శాశ్వత పైసలా తరువాత జమీందారు పని శిస్తు కట్టటమే; సైన్యాలు పోషించటం కాదు. కత్తి పోయినది, డాలు పోయినది, అంబారీ మాత్రం మిగిలినది. అధికారం తగ్గినకొద్దీ ఊరేగింపు పెరగటం ఈ కాలపు జమీందారీలన్నిటిలోనూ కనిపించే లక్షణం.

వేంకటాద్రి నాయుడు 1816లో మరణించాడు. దత్తపుత్రుల నడుమ మొదలైన వారసత్వపు వ్యాజ్యం లండనులోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్ళి 1846లో తీర్పు అయ్యేనాటికి జమీందారీ చితికిపోయినది. ఈ మధ్యలోనే 1832-33లో నందన కరవు వచ్చినది. గుంటూరు జిల్లా జనాభాలో సుమారు మూడోవంతు ఆ కరవులో నశించినట్లు నాటి అంచనాలు. మేత లేక పశువులు కూడ కుప్పలుగా చచ్చినవి. ఇందాక వేసిన మేత లెక్కను ఇక్కడ మరొకసారి గుర్తుచేసుకోవలెను. ఒక్కొక్క ఏనుగు తినేది ఆరు ఎద్దుల మేత అయినప్పుడు, మంచి రోజులలో వీధికి శోభ అనిపించినది చెడు రోజులలో ఎవరి నోటి దగ్గరి గింజ అవుతుందో చెప్పనక్కరలేదు.

లంగరు కథ, మదం శాస్త్రం

నిజాం రాజ్యంలో ఏనుగుల వైభవం మరింత పెద్దది. హైదరాబాదులో మొహరం నెలలో జరిగిన లంగరు ఊరేగింపు ప్రసిద్ధం. దాని పుట్టుకను గురించిన కథ ఇది. గోలకొండ యువరాజు అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదించి, మావటిని లెక్కచేయక, యువరాజుతో సహా అడవిలోకి పారిపోయినది. తల్లి హయాత్ బక్షీ బేగం, కొడుకు క్షేమంగా వస్తే ఏనుగు కాలి గొలుసంత బరువైన బంగారు గొలుసు చేయించి సమర్పిస్తానని మ్రొక్కుకొన్నది. కొన్నాళ్ళకు ఏనుగు తానే శాంతించగా యువరాజు తిరిగివచ్చాడు. ఆ మ్రొక్కుబడి తీర్చిన ఊరేగింపే లంగరు అయినది. ఆ అబ్దుల్లా 1626 నుంచి 1672 వరకు గోలకొండను ఏలిన సుల్తాను. తరువాత ఆసఫ్‌జాహీల కాలంలో లంగరు రాజ్యపు సైనిక ప్రదర్శనగా మారి, ఏనుగులు, గుర్రాలు, అరబ్బు దళాలు చార్మినారు వీధులలో నడిచినవి. 20వ శతాబ్దిలో అది ఆగిపోయినది. మొహరం పదవ రోజున బీబీ కా ఆలంను ఏనుగుపై ఊరేగించటం మాత్రం ఇప్పటికీ ఉన్నది.

ఈ కథలోని వివరాలు ఎంతవరకు చరిత్రో ఎలా ఉన్నా, అందులో వర్ణించిన ఏనుగు ప్రవర్తన మాత్రం జంతుశాస్త్రానికి సరిపోతుంది. ఎదిగిన మగ ఏనుగుకు సాధారణంగా సంవత్సరానికి ఒకసారి మదం వస్తుంది. కంటికీ చెవికీ నడుమ ఉన్న గ్రంథి ఉబ్బి, నల్లని జిడ్డు ద్రవం చెక్కిళ్ళ మీదుగా కారుతుంది. మన కవులు మదజలం, దానజలం అన్నది దీనినే. ఆ సమయంలో పురుష హార్మోనైన టెస్టోస్టెరోన్ రక్తంలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. మేత తగ్గుతుంది, కోపం పెరుగుతుంది, తెలిసిన మావటిని కూడ దగ్గరకు రానీయదు. కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు ఇలా గడచిన తరువాత అది తానే చల్లబడుతుంది. యువరాజు ఏనుగు దానంతట అదే శాంతించినదనటంలో వింత ఏమీ లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఆసియా ఏనుగు మదాన్ని పాలకాప్యుని పేర ఉన్న హస్త్యాయుర్వేదం వంటి సంస్కృత గ్రంథాలు వేయేండ్లకు పూర్వమే వర్ణించినవి. ఆఫ్రికా ఏనుగుకు కూడ ఇదే విధమైన మదం ఉన్నదని శాస్త్రలోకం ఒప్పుకొన్నది మాత్రం 1981లో, జాయిస్ పూల్, సింథియా మాస్ అనే ఇద్దరు స్త్రీల క్షేత్రపరిశీలన తరువాత. దివాణపు మావటికి తెలిసినది విశ్వవిద్యాలయానికి తెలియటానికి ఎంతకాలం పట్టినదో చూడండి.

ఢిల్లీ దర్బారులు

మొగలాయీల కాలంలో ఏనుగుల పోట్లాట జరిపించే హక్కు పాదుషాది ఒక్కనిదే. ఏనుగు రాజచిహ్నమని ఆంగ్లేయులు గ్రహించి, ఆ చిహ్నాన్ని తామే తీసుకొన్నారు. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే 1877 జనవరి 1నాటి దర్బారు కోసం రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు కొద్ది రోజుల ముందు ఏనుగుపై ఢిల్లీలో ప్రవేశించాడు. అప్పటికి పది సంవత్సరాల వయస్సున్న నిజాం మహబూబ్ అలీఖాన్‌ను ప్రధాని సాలార్‌జంగ్ వెంటబెట్టుకొని ఆ దర్బారుకు వెళ్ళాడు. సరిగ్గా ఆ చలికాలంలోనే మదరాసు రాజధానిలో మహాక్షామం మొదలైనది. 1876-78 నడుమ కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలలో జనం లక్షలమీద చనిపోయారు. ఢిల్లీలో జరీ కప్పుకొన్న ఏనుగుల బారులు, రాయలసీమలో గంజి కోసం మనుష్యుల బారులు: ఈ రెండూ ఒకే ప్రభుత్వం క్రింద, ఒకే నెలలో కనిపించిన దృశ్యాలు.

వీటన్నిటిలో ఆడంబరానికి పరాకాష్ఠ కర్జన్ ప్రభువు జరిపించిన 1903 దర్బారు. 1902 డిసెంబరు 29న కర్జన్ దంపతులు కాశీ మహారాజు పంపిన ఏనుగుపై వెండి అంబారీలో కూర్చుండి ఢిల్లీ వీధులలో ఊరేగారు. వెనుక సంస్థానాధీశులు తమ తమ ఏనుగులపై వచ్చారు. ఏనుగుల నుదుటిపై చిత్రాలు, దంతాలకు బంగారు కడియాలు, నేలను తాకే పట్టుగుడ్డలు. సొంత రాజ్యంలో సింహాసనానికి గుర్తైన ఏనుగు ఇక్కడ వరుసలో చోటుకు గుర్తు అయినది. ఎవరి ఏనుగు ఎవరి ఏనుగు వెనుక నడవాలన్నది ప్రభుత్వం నిర్ణయించిన క్రమం.

1911లో ఐదవ జార్జి చక్రవర్తి స్వయంగా వచ్చాడు. డిసెంబరు 7న ఢిల్లీ ప్రవేశం ఏనుగుపై కాక గుర్రంపై జరిగినది. సైనిక దుస్తులతో, తోటి అధికారుల నడుమ, సామాన్యమైన గుర్రంపై వస్తున్న చక్రవర్తిని వీధిలో జనం చాలామంది గుర్తుపట్టనే లేదు. గంటల తరబడి ఎదురుచూచినవారు చక్రవర్తి తమ ముందునుంచి వెళ్ళిపోయిన సంగతి తరువాత తెలుసుకొన్నారు. ఏనుగు చేసే పని ఏమిటో అది లేనప్పుడే తెలిసినది. మనిషిని పదడుగుల ఎత్తున నిలబెట్టి, వీడే ప్రభువు అని చెప్పటమే దాని పని.

మరుసటి ఏడు అదే ఎత్తు అపాయమైనది. 1912 డిసెంబరు 23న, కొత్త రాజధానిలో లాంఛనంగా ప్రవేశిస్తూ హార్డింజి ప్రభువు ఏనుగుపై చాందినీ చౌకులో వెళుతుండగా విప్లవకారులు బాంబు విసిరారు. హార్డింజి తీవ్రంగా గాయపడ్డాడు. వెనుక ఉన్న సేవకుడు ఒకడు ప్రాణాలు కోల్పోయాడు. గాయపడిన ప్రభువును క్రిందికి దింపుదామంటే, బెదరిపోయిన ఏనుగు మోకరిల్లలేదు. చివరకు చెక్కపెట్టెలు ఒకదానిపై ఒకటి పేర్చి ఆయనను దింపవలసి వచ్చినది. అమరావతి శిల్పి చెక్కిన మోకరిల్లే ఏనుగు అక్కడ దొరకలేదు.

అంబారీ క్రింద వీపు

దర్బారు చిత్రాలలో కనిపించని సంగతులు ఆనాటి పశువైద్య గ్రంథాలలో కనిపిస్తవి. జాన్ హెన్రీ స్టీల్ 1885లో ఏనుగు వ్యాధులపై వ్రాసిన గ్రంథం, ఎవాన్స్ 1901లో వ్రాసిన గ్రంథం వీటిలో ముఖ్యమైనవి. వీపు పుండ్లకూ, పాదాల జబ్బులకూ వాటిలో పెద్ద చోటే ఉన్నది. కారణం స్పష్టం. ఏనుగు వెన్నుపూసల పైకొనలు వీపు నడుమ గట్టులా పైకి పొడుచుకొని ఉంటవి. దానిపై నేరుగా బరువు పడితే చర్మం నలిగి పుండు పడుతుంది. అందుకే మావటులు వెన్నుకు రెండు పక్కలా లావైన మెత్తలు వేసి, నడుమ ఖాళీ వదలి, ఆ పైన అంబారీ కట్టేవారు. మైసూరు దసరాలో ఊరేగించే బంగారు అంబారీ బరువు సుమారు 750 కిలోలు.

పాదానికి మాత్రం ప్రకృతి మంచి ఏర్పాటు చేసినది. మడమ క్రింద మెత్తని కొవ్వుదిండు ఉండటం వల్ల అడుగు వెడల్పుగా పరచుకొంటుంది. నాలుగు టన్నుల బరువును, ఒక్కొక్కటి 40 సెంటీమీటర్ల వ్యాసంగల నాలుగు పాదాలపై పంచితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కూడ పడదు. అందుకే ఏనుగు నడక చప్పుడు కాదు. మెడలో ఘంట కట్టటం అలంకారమే కాదు, వెనుకనుంచి వస్తున్నదని వీధిలోని మనుష్యులకూ గుర్రాలకూ హెచ్చరిక కూడ.

పాదాన్ని గురించి మావటులకు తెలిసిన సూత్రం ఒకటి ఉన్నది. ముంగాలి పాదపు చుట్టుకొలతను రెండితలు చేస్తే భుజం దగ్గర ఎత్తు దాదాపు సరిగా వస్తుంది. దివాణాలలో తమ ఏనుగు పన్నెండడుగులని, పదమూడడుగులని చెప్పుకోవటం గొప్ప. భుజాల మీదుగా టేపు వేసి, ఒక పాదం నుంచి రెండవ పాదం వరకు కొలిచి సగం చేస్తే, ఒంటి గుండ్రదనం కూడ కలిసి ఎత్తు పెరిగిపోతుంది. శాండర్‌సన్ నిలువుగా కొలిచి చూస్తే పదడుగుల ఏనుగు దేశంలో ఉన్నదా అన్నదే సందేహమైనది. కొలత పద్ధతి మారితే కీర్తి ఎంత తగ్గుతుందో చెప్పటానికి తరగతి గదిలో ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఊరేగింపులో ఏనుగు ఎందుకు బెదరుతుందో అర్థం చేసుకోవటానికి తోడ్పడిన మరొక విషయం ఇటీవలిది. 1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని ఒక జంతుప్రదర్శనశాలలో ఏనుగుల వద్ద నిలబడినప్పుడు గాలిలో ఏదో అదురు ఉన్నట్లు గమనించింది. పరీక్షించగా అవి సెకనుకు 14 నుంచి 24 కంపనాలుగల ధ్వనులని తేలినది. మన చెవికి 20కి తక్కువ కంపనాలుగల ధ్వని సాధారణంగా వినపడదు. ఏనుగులు ఆ ధ్వనులతో దూరాన ఉన్న తోటివాటితో సంభాషిస్తవి. అటువంటి చెవి గల జంతువును ఫిరంగులు, నగారాలు, బాణసంచా నడుమ మైళ్ళ తరబడి నడిపించారు. బాంబు ప్రేలిన క్షణంలో అది మోకరిల్లలేదంటే తప్పు దానిది కాదు.

తరువాత ఏమైనది?

మోటారుకార్లు వచ్చినవి. 1948లో మదరాసు ఎస్టేటుల రద్దు చట్టం జమీందారీలను రద్దుచేసినది. గజశాలలు ఖాళీ అయినవి. కొన్ని ఏనుగులు దేవాలయాలకూ, కొన్ని సర్కసులకూ చేరినవి. స్వతంత్ర భారతంలో గణతంత్ర దినోత్సవపు కవాతులో సాహసబాలలను చాలా ఏళ్ళు ఏనుగులపై ఊరేగించి, తరువాత వారిని జీపులలోకి మార్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగుకు 1977లో మొదటి షెడ్యూలులో చోటు లభించినది. 1992లో ప్రాజెక్టు ఎలిఫెంట్ ఆరంభమైనది. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించారు.

విచిత్రమేమంటే, రాజులు పోయిన తరువాత ఏనుగులు తమంత తామే తెలుగు దేశానికి తిరిగి వచ్చినవి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి చిత్తూరు జిల్లాలోకి మందలు వచ్చినవి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది. ఈ శతాబ్దిలో ఒడిశా నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు మరికొన్ని వచ్చినవి. ఇప్పుడు సమస్య పంటపొలానికీ ఏనుగుకూ నడుమ. మందలను తిరిగి అడవికి మళ్ళించటానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను 2025లో కర్ణాటక నుంచి ఆంధ్రప్రదేశ్ తెచ్చుకొన్నది. మావటి విద్యకు ఊరేగింపు కాని ప్రయోజనం ఒకటి దొరికినదన్నమాట. అయితే రాత్రికి రాత్రి చెరకుతోట పోగొట్టుకొన్న రైతుకు ఏనుగు శోభ కాదు. ఒకనాడు జమీందారు ఏనుగు మేత ఎవరి కష్టమో, ఈనాడు అడవి ఏనుగు మేత కూడ వారి కష్టమే. ఆ నష్టాన్ని సమాజమంతా పంచుకోకపోతే చట్టాలు ఎన్ని ఉన్నా ఏనుగు బ్రతకదు.

ఇక పలనాటి సంగతి. మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినవారెవరూ ఏనుగు కోసం వెదకరు. చుట్టుపట్ల ఊళ్ళవారు తమ చందాలతో, తమ చేతులతో వెదుళ్ళు కట్టి, రంగుగుడ్డలు, అద్దాలు, ఇప్పుడైతే విద్యుద్దీపాలు అమర్చి, తాటిచెట్లను మించిన ప్రభలు నిలబెడతారు. ఒకప్పుడు వాటిని ఒంగోలు ఎడ్లు లాగేవి. ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నవి. ఎత్తైన వస్తువును వీధిలో నడిపించి నలుగురి చూపు నిలపాలన్న కోరిక దివాణానికి ఉన్నట్లే ఊరికీ ఉన్నది. అయితే ఆ ఎత్తుమీద ప్రభువు ఎవరూ కూర్చోలేదు. దాని కోసం అడవిలోని మంద చెదరిపోలేదు.

నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థికి చివరకు చెప్పినది ఇదే: "నాయనా, పలనాటికి ఏనుగు వచ్చినది పలనాటి అవసరం వల్ల కాదు. వచ్చిన ప్రతి ఏనుగు వెనుకా ఒక అడవి, ఒక మావటి, కొన్ని ఎడ్ల మేత ఉన్నవి. అంబారీలో కూర్చున్నవాడి పేరు చరిత్రలో వ్రాసి ఉన్నది; ఈ మిగిలిన లెక్క వేయటం మన పని."